సుద్దముక్క

మిర్యాలగూడ డిపోల గేటు పక్క గోడకు
ఒక నల్లబోర్డు.
లీటరుకు ఎవరు ఎన్ని కిలోమీటర్లు తెచ్చిండ్రో
దినాం పొద్దుగాల రాసేది నేనే.
ఇరవై రెండేండ్లు.
ఐదున్నర తెచ్చినోడు మీసం దువ్వుకుంటడు,
నాలుగుంబావు కాడ ఆగినోడు
బోర్డు దిక్కు చూడకుండ చాయ్ తాగ పోతడు.

నసీరుద్దీన్ పేరు ఎప్పుడూ పైననే.
హాలియా రోడ్డు మలుపు కాడ
పాలు పొంగకముందే మంట తగ్గించినట్టు
ఇంజన్‌ను తగ్గించేటోడు.
పర్యావరణం అనే మాట ఆయన నోట ఇనలే.
"భూమి కడుపుల చెయ్యి పెట్టి తీసిండ్రు భయ్,
దులపరిచ్చి తాగొద్దు" అనేటోడు,
అంతే.

మొన్న ఎండకాలం కరెంటు బండ్లొచ్చినయ్.
పొగ లేని బండి.
పొద్దుగాల చూస్తే నెత్తి నిండ
రైస్ మిల్లుల ఊక నుసి.
బట్ట పెట్టి తుడిచినం, నవ్వుకున్నం.

నేను డీజిల్ మనిషిని.
పెండ్లినాడు పసుపు రాసినా
గోర్ల సందుల నలుపు పోలే.
నా బిడ్డ చిన్నప్పుడు
ఈ అంగీ వాసన దొరికితేనే నిద్రపోయేది.
కొత్త బండి కింద పండుకున్న,
ఒక్క చుక్క మీద పడలే.
ఎవలింటికో పిలవని సుట్టమై పోయినట్టనిపించింది.

దేవరకొండ దిక్కు తండా పిల్ల, రమావత్ సరోజ,
బ్యాటరీల చదువు చదివి వచ్చింది.
రబ్బరు గ్లౌసులు నా చేతికిచ్చి
"ఇది అరవది మామా,
గని కొట్టిందంటే లేవనియ్యది" అన్నది.
చెవి ఆనిచ్చి రోగం చెప్పేటోణ్ణి,
ఇప్పుడు అద్దంల అంకెలు చదవాలె.
కండ్లద్దాలు కొనుక్కున్న.

మొదటి వారం నసీరుద్దీన్ పేరు
బోర్డు అడుగున పడ్డది.
రాసేటప్పుడు సుద్దముక్క ఇరిగింది.
ఆయన ఏమనలే. సరోజను ముందర సీట్ల కూసోబెట్టుకొని
రెండు ట్రిప్పులు కొట్టిండు.
దిగుడుల కాలు లేపితే
పోయిన కరెంటు కొంచెం మల్లొస్తదని
అప్పుడు ఎరుకైంది.
"ఇన్నేండ్లు ఉతారుకు ఉత్తగనే ఇచ్చిన,
ఇది అడిగి తీసుకుంటున్నది" అని
చిన్నపోరని లెక్క నవ్విండు.

ఇగ ఇద్దమ్మ సంగతి.
రాళ్ళవాగు స్టేజీ కాడ కొయ్యగూర గంపతోని ఉంటది.
చెట్టూ లేదు, షెడ్డూ లేదు, కిలోమీటరు రాయొక్కటి.
వాగు బ్రిడ్జి మీద గేరు మారిన చప్పుడుకు
చెంగు చుట్టి నెత్తిన పెట్టుకునేది,
బండి ఆగేటాళ్ళకు గంప తయారు.
కొత్త బండి మూడు దినాలు
ఆమె ఈపు ఎనకనుంచి ఎల్లిపోయింది.
నాలుగోనాడు నడిరోడ్డు మీద రెండు చేతులు చాపింది.
"దొంగలెక్క వచ్చి దొంగలెక్క పోతవా?
నీ గొంతు ఎవడు కోసిండు?"
బండిల నలభై మంది కిక్కురుమనలే.
గంప లోపటికి అందుకున్నది నసీరుద్దీనే.

అప్పటిసంది బ్రిడ్జి ఎక్కంగనే రెండుసార్లు హారన్.
వచ్చి నన్ను అడుగుతడు,
"దీనికెంత కరెంటు తాగిందో అదీ రాయి."

ఒకనాడు రాత్రి డ్యూటీల
తీగలు పెట్టుకొని వరుసగ నిద్రపోతున్నయ్ బండ్లు.
సరోజను అడిగిన, "ఈ కరెంటు యాడికెళ్ళి వస్తది?"
మాట్లాడకుండ దామరచర్ల దిక్కు చెయ్యి లేపింది.
చీకట్ల ఎత్తైన గొట్టాలు,
వాటి కొసలకు ఎర్రలైట్లు.
మా పొగ యాడికీ పోలే,
ఊరు మారింది.
షెడ్డు రేకుల మీద సోలార్ పలకలు పెడతరట,
కాగితం హైదరాబాద్ పోయిందట.
రేకులైతే ఎండల కాలుతనే ఉన్నయ్.

పొద్దుగాల బోర్డు తుడిచిన.
ఎంత తుడిచినా పాత లీటర్లు పోతలేవు,
వాటి మీదనే యూనిట్లు రాసిన.
చివరకు ఒక గడి గీసి
"ఇద్దమ్మ హారన్" అని పెట్టిన.
అండ్ల ఏం రాయాల్నో
ఇంక తోస్తలేదు.
సుద్దముక్క చేతులనే ఉన్నది.